ఎండోస్కోపీ నార్మల్, పైలోరీ పాజిటివ్: మందు వేయాలా?

నాలుగు ముద్దలు తినగానే పొట్ట నిండిపోయినట్టుంటుంది. భోజనం తర్వాత గంటల తరబడి ఉబ్బరం, త్రేన్పులు. బొడ్డుకి పైన, రొమ్ము ఎముకకి కింద నొప్పో మంటో ఉంటుంది. నేరమంతా ఆవకాయ మీదా మిరపకాయ బజ్జీల మీదా మోపి, నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగి, చివరికి ఎండోస్కోపీ చేయించుకుంటే పుండు లేదు, గడ్డ లేదు, ‘నార్మల్ స్టడీ’ అని రిపోర్టు వస్తుంది. వైద్యులు దీన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. 2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం బాధ కనీసం ఆరు నెలల కిందట మొదలై ఉండాలి, గడిచిన మూడు నెలలుగా సాగుతూ ఉండాలి, దానికి కారణమనదగ్గ లోపమేదీ ఎండోస్కోపీలో కనబడకూడదు.

అదే రిపోర్టులో చాలాసార్లు ఇంకో వరుస ఉంటుంది: ‘ర్యాపిడ్ యూరియేజ్ టెస్ట్ పాజిటివ్’. అంటే జీర్ణాశయంలో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కాపురం ఉంటోంది. కారణం తెలియని బాధకి కారణం ఇదేనా? గ్యాస్ట్రో నిపుణురాలు ఒకరు, ఏళ్ల అనుభవమున్న ఫ్యామిలీ డాక్టరు ఒకరు దీని మీద ఏకాభిప్రాయానికి రాలేకపోతున్నారు. ఇద్దరి దగ్గరా గట్టి ఆధారాలే ఉన్నాయి.

గ్యాస్ట్రో నిపుణురాలు: పెర్త్‌తోనే మొదలుపెడదాం సార్. 1979లో రాయల్ పెర్త్ హాస్పిటల్లో పాథాలజిస్టు రాబిన్ వారెన్ జీర్ణాశయపు బయాప్సీల్లో వంకర తిరిగిన బాక్టీరియాని గమనించారు. ఆమ్లం నిండిన చోట ఏ క్రిమీ బతకదని అప్పటిదాకా అందరి నమ్మకం. ఇది మాత్రం యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాని అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేసుకుని బతుకుతుంది. 1984లో వారెన్‌తో కలిసి పనిచేసిన బారీ మార్షల్ తనకి ఆ ఇన్ఫెక్షన్ లేదని ఎండోస్కోపీతో ముందే నిర్ధారించుకుని, ఆ క్రిమిని పెంచిన ద్రవాన్ని తాగేశారు. కొద్ది రోజుల్లోనే వికారం, వాంతులు మొదలయ్యాయి, నోరు దుర్వాసన వేసింది. పదో రోజు ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయం లోపొర వాచి ఉంది, క్రిమి అక్కడే ఉంది. లోకమంతా దీన్ని అల్సర్ కథగా చెప్పుకుంటుంది. కానీ మార్షల్‌కి అల్సర్ రానే లేదు, వచ్చింది కడుపు బాధ. అంటే పుండు లేకుండానే ఈ క్రిమి మనిషిని ఇబ్బంది పెట్టగలదని మొదటి ప్రయోగమే చూపించింది. 2005లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఫ్యామిలీ డాక్టరు: మార్షల్ తర్వాత ఇంకొకరు కూడా తాగారు డాక్టరమ్మా, ఆయన్ని ఎవరూ తలుచుకోరు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ మోరిస్. ఆయనకీ మొదట్లో కడుపునొప్పి, వాంతులు వచ్చాయి. కొద్ది రోజులకే తగ్గిపోయాయి. క్రిమి మాత్రం పోలేదు. ఏళ్ల తరబడి లోపల ఉంది, లోపొర వాపూ ఉంది, బాధ లేదు. మనం మాట్లాడుతున్నది దీర్ఘకాలపు బాధ గురించి కాబట్టి నాకు మార్షల్ కంటే మోరిస్ సాక్ష్యమే ముఖ్యం.

ఇక మన ఊరి సంగతి. 1991లో అచ్చయిన ఒక అధ్యయనంలో హైదరాబాద్‌లో 3 నుంచి 70 ఏళ్ల వయసున్న 238 మందిని పరీక్షించారు. ఇరవై ఏళ్లు వచ్చేసరికే నూటికి 80 మందికి పైగా ఈ ఇన్ఫెక్షన్ సోకినవాళ్లున్నారు. పసితనంలో ఇంట్లోవాళ్ల నుంచి, నీళ్ల నుంచి అంటుకుంటుంది, మందు పడకపోతే జీవితాంతం ఉంటుంది. ఇంట్లో నలుగురికీ క్రిమి ఉండి, అజీర్తి ఒక్కరికే ఉంటే, ఆ ఒక్కరి అజీర్తికి క్రిమే కారణమని ఏ ధైర్యంతో చెప్తాం? కడుపు బాధతో వచ్చిన పదిమందిని పరీక్షిస్తే ఎక్కువమందికి పాజిటివ్ వస్తుంది. బాధ లేని పదిమందిని పరీక్షించినా అంతే.

గ్యాస్ట్రో నిపుణురాలు: పాజిటివ్ రావడమొక్కటే రుజువు కాదని ఒప్పుకుంటాను. రుజువు కావాలంటే క్రిమిని తీసేసి చూడాలి, తీసేస్తే బాధ పోతుందా అని. గ్లాస్గోలో అదే చేశారు. ఎండోస్కోపీలో పుండు లేని, పైలోరీ ఉన్న వాళ్లని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఒమెప్రజోల్ అనే గ్యాస్ మాత్రతో పాటు యాంటీబయాటిక్స్, ఇంకో వర్గానికి ఒమెప్రజోల్ మాత్రమే రెండు వారాలిచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మొదటి వర్గంలో నూటికి 21 మందికి బాధ పోయింది, రెండో వర్గంలో నూటికి 7 మందికే. 1998లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మూడు రెట్ల తేడా సార్ అది.

ఫ్యామిలీ డాక్టరు: ఆ సంచికలోనే ఇంకో అధ్యయనం పక్కపక్కనే అచ్చయింది కదా. అందులో క్రిమిని తీసేసిన వర్గంలో నూటికి 27, తీయని వర్గంలో నూటికి 21 మందికి తగ్గింది. యాదృచ్ఛికంగానూ రాగల తేడా అది. మరుసటి ఏడాది అమెరికా నుంచి మూడోది వచ్చింది. అక్కడ మందు వేసుకున్నవాళ్లలో నూటికి 46 మందికి, డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 50 మందికి ఉపశమనం. డమ్మీదే పైచేయి! గ్లాస్గోలో అల్సర్ రోగులు చాలా ఎక్కువ. అక్కడ అజీర్తితో వచ్చినవాళ్లలో కొందరికి రేపో మాపో పుండు వచ్చేదేమో, మందు దాన్నే ఆపిందేమో.

గ్యాస్ట్రో నిపుణురాలు: మూడు అధ్యయనాలు మూడు దిక్కులకి లాగుతున్నప్పుడు అన్నీ కలిపి చూడాలి. 2022లో గట్ పత్రికలో 29 అధ్యయనాలని, ఆరువేల ఏడువందల మందికి పైగా రోగులని కలిపి లెక్కవేశారు. పద్నాలుగు మందికి క్రిమిని తీసే మందు ఇస్తే, లేకపోతే తగ్గని ఒకరికి బాధ పూర్తిగా పోతుంది. పూర్తిగా పోకపోయినా నెమ్మదించింది అనేదాన్ని లెక్కలోకి తీసుకుంటే తొమ్మిది మందిలో ఒకరికి. బ్రెజిల్లోని పోర్టో అలెగ్రేలో 404 మందితో చేసిన అధ్యయనంలో, బాధ కనీసం సగానికి తగ్గినవాళ్లు మందు వర్గంలో నూటికి 49 మంది, మరో వర్గంలో 36.5. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్లో మామూలు జనంలో పైలోరీ ఉన్నవాళ్లని వెతికి మందిస్తే, తర్వాతి రెండేళ్లలో అజీర్తి కోసం డాక్టరు దగ్గరికి వెళ్లడం మూడో వంతు తగ్గింది.

ఇది రెండు వారాల వైద్యం. గ్యాస్ మాత్ర వేసుకున్నన్నాళ్లే పనిచేస్తుంది, మానేస్తే బాధ మళ్లీ మొదలు. ఏళ్లకేళ్లు పొద్దున్నే పరగడుపున ఆ మాత్ర మింగే మనుషుల్ని రోజూ చూస్తున్నాం. వాళ్లలో కొందరికి ఈ రెండు వారాలతో ఆ బెడద తీరిపోతుందంటే అది చిన్న విషయమా?

ఫ్యామిలీ డాక్టరు: చిన్న విషయం కాదు. మిగతా పదమూడు మంది సంగతీ చిన్నది కాదు. రోజుకి గుప్పెడు మాత్రలు, నోట్లో చేదు, విరేచనాలు, వికారం. అన్నీ భరించి రెండు వారాల తర్వాత ‘డాక్టరుగారూ, ఉబ్బరం అలాగే ఉంది’ అంటారు.

ఇంకో చిక్కుంది. ఆ పద్నాలుగో మనిషికి తగ్గింది పైలోరీ పోవడం వల్లేనని ఎలా తెలుసు? హాంకాంగ్‌లో 2017లో రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్‌ని ఫంక్షనల్ డిస్పెప్సియా రోగులకి ఇచ్చారు. వాళ్లెవరికీ పైలోరీ లేదు. అయినా డమ్మీ మాత్ర కంటే మెరుగ్గా పనిచేసింది. అంటే యాంటీబయాటిక్ చిన్నపేగులో ఇంకేవో బాక్టీరియా మీద పనిచేసి బాధ తగ్గించి ఉండొచ్చు, మనం ఆ ఘనతని పైలోరీ ఖాతాలో రాసుకుంటున్నామేమో. 2007లో స్వీడన్‌లో చేసిన జనాభా అధ్యయనంలో ఈ రోగుల్లో చిన్నపేగు మొదటి భాగంలో ఇసినోఫిల్ అనే తెల్లరక్త కణాలు ఎక్కువగా కనబడ్డాయి. తేడా జీర్ణాశయంలో కాక దాని కింది మెట్టులో ఉండొచ్చు.

కెనడాలో వాకర్టన్ అనే పట్టణంలో 2000 సంవత్సరంలో మంచినీళ్లు కలుషితమై వేలమంది విరేచనాల పాలయ్యారు. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే అప్పుడు జబ్బుపడ్డవాళ్లలో అజీర్తి ఎక్కువగా ఉంది. అక్కడ పైలోరీ పాత్ర లేదు. ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్ పేగుల తీరునే మార్చేసి వెళ్లింది. బాక్టీరియాకీ అజీర్తికీ సంబంధం లేదని నా వాదన కాదు. మనం పట్టుకున్న బాక్టీరియా ఒక్కటే నిందితుడని తేల్చేయడం తొందరపాటంటాను.

గ్యాస్ట్రో నిపుణురాలు: రిఫాక్సిమిన్ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అందుకే 2014లో జపాన్‌లోని క్యోటోలో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని ఒక దారి వేశారు. ముందే ఎవరి బాధ క్రిమి వల్లో చెప్పలేం కాబట్టి క్రిమి ఉన్న ప్రతి రోగికీ వైద్యం చేయండి, క్రిమి పోయిందని పరీక్షతో నిర్ధారించుకోండి, ఆరు నెలల నుంచి ఏడాది ఆగండి. అప్పటికి బాధ పోయి ఉంటే అది పైలోరీ వల్ల వచ్చిన అజీర్తి. పోకపోతే అప్పుడు ఫంక్షనల్ డిస్పెప్సియా అనండి. ఏళ్లనాటి వాపు వారంలో మానదు, అందుకే అంత గడువు.

ఫ్యామిలీ డాక్టరు: ఆ దారిలోనే గొయ్యి ఉంది. అమెరికా అధ్యయనంలో డమ్మీ మాత్రకే సగం మందికి తగ్గింది. ఈ జబ్బు స్వభావమే అంత, కొన్నాళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు తనంత తానే తగ్గుతుంది. రోగి బాధ ముదిరినప్పుడే మన దగ్గరికి వస్తాడు, కాబట్టి ఏం చేసినా చేయకపోయినా ఆరు నెలలకి కొంతమందికి నెమ్మదిస్తుంది. క్యోటో లెక్క ప్రకారం వాళ్లందరూ ‘పైలోరీ అజీర్తి’ అయిపోతారు. మందు వేశాం, తగ్గింది, కాబట్టి మందు వల్లే తగ్గింది అనే తర్కాన్ని మనమే మిగతా చోట్ల తప్పుపడతాం.

నిజానికి ఇద్దరి మధ్యా ఉన్న ముడి ఇదే. వేలమందిని కలిపి చూస్తే పైలోరీని తీసేయడం వల్ల మేలు కనబడుతుంది, అది ఇద్దరూ ఒప్పుకునే సంగతే. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి ఆ మేలు పొందేవాళ్లలో ఉన్నాడో లేదో చెప్పే పరీక్ష లేదు. ఎండోస్కోపీ చెప్పదు, బయాప్సీ చెప్పదు, లక్షణాల తీరూ చెప్పదు. సగటు నుంచి మనిషికి వచ్చేటప్పుడు వైద్యంలో ఎదురయ్యే ఈ ఇబ్బందిని లెక్కలు ఇంకాస్త పెద్దవి చేసి దాటేయలేం.

గ్యాస్ట్రో నిపుణురాలు: సరే, అజీర్తిని కాసేపు పక్కనపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే పైలోరీని మనుషుల్లో కేన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చైనాలోని లిన్చూలో 1995లో రెండే రెండు వారాలు మందిచ్చినవాళ్లని 22 ఏళ్లు గమనిస్తే, కడుపు కేన్సర్ రావడమూ దానితో చనిపోవడమూ తగ్గాయి. తైవాన్‌కి చెందిన మాత్సు దీవుల్లో 2004 నుంచి జనమందరికీ పరీక్ష చేసి మందిస్తే కొత్త కేసులు సగానికి పైగా పడిపోయాయి. జపాన్ 2013లో, పుండు లేకపోయినా పైలోరీ గ్యాస్ట్రైటిస్ (లోపొర వాపు) ఉంటే చాలు, ఈ వైద్యాన్ని జాతీయ బీమాలో చేర్చింది. మీ పదమూడు మందికీ ఉబ్బరం తగ్గకపోవచ్చు, అల్సర్ ముప్పు, కేన్సర్ ముప్పు తగ్గుతాయి. వాళ్లకి దక్కింది సున్నా అనకండి.

ఫ్యామిలీ డాక్టరు: జపాన్, చైనా, తైవాన్. కడుపు కేన్సర్ భారం ఎక్కువున్న చోట్ల లెక్కలు అవి. మన దేశంలో ఇన్ఫెక్షన్ ఇంత ఉన్నా కడుపు కేన్సర్ మొత్తం మీద తక్కువే. దీన్ని ‘భారతీయ చిక్కుముడి’ అని పరిశోధకులు పేరే పెట్టారు. మిజోరం వేరు, అక్కడ కేన్సర్ ఎక్కువ, అక్కడ నేనూ మీలాగే మాట్లాడతాను.

మనకున్న అసలు ముప్పు మందుకి లొంగకపోవడం. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో హైదరాబాద్, చెన్నై, లక్నో వంటి చోట్ల రోగుల నుంచి సేకరించిన 259 పైలోరీ నమూనాలని పరీక్షించారు. నూటికి 78 మెట్రోనిడజోల్‌కి లొంగలేదు, నూటికి 45 క్లారిత్రోమైసిన్‌కి లొంగలేదు. హైదరాబాద్ నమూనాల్లో మెట్రోనిడజోల్‌కి లొంగినదే లేదు. క్లారిత్రోమైసిన్‌కి లొంగని పైలోరీని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మందులు అత్యవసరమైన క్రిముల జాబితాలో చేర్చింది. సగానికి పైగా జనాభాలో ఉన్న క్రిమిని, అజీర్తి అన్న ప్రతివాళ్లలోనూ వేటాడితే ఎన్ని కోట్ల యాంటీబయాటిక్ కోర్సులు అవుతాయి? అవి పైలోరీని మాత్రమే తాకి ఆగవు. క్లారిత్రోమైసిన్ కుటుంబానికే చెందిన అజిత్రోమైసిన్‌తో మనం టైఫాయిడ్‌కి వైద్యం చేస్తున్నాం.

గ్యాస్ట్రో నిపుణురాలు: ఈ మాటకి నేను తల వంచుతాను సార్. కాకపోతే లొంగనితనం పైలోరీకి సరైన వైద్యం చేయడం వల్ల వచ్చింది కాదు. విరేచనాలైతే మెట్రోనిడజోల్, దగ్గొస్తే అజిత్రోమైసిన్, మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు, రెండు రోజులు వేసుకుని మానేస్తారు. పైలోరీకి కూడా పాత ఏడు రోజుల కిట్ రాసి పంపేస్తారు, పోయిందో లేదో తర్వాత చూడరు. చేస్తే సరిగ్గా చేయాలి. బిస్మత్ కలిపిన నాలుగు మందుల వైద్యం, పద్నాలుగు రోజులు, అయ్యాక కనీసం నాలుగు వారాలాగి శ్వాస పరీక్షో మలపరీక్షో. బిస్మత్ వల్ల మలం నల్లగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాలి.

ఫ్యామిలీ డాక్టరు: పరీక్షల విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పాన్-40 లాంటి గ్యాస్ మాత్ర వేసుకుంటూనే శ్వాస పరీక్షకి వెళ్తారు, క్రిమి ఉన్నా నెగెటివ్ వస్తుంది. ఆ మాత్ర రెండు వారాల ముందు, యాంటీబయాటిక్ నాలుగు వారాల ముందు ఆపాలని ఎవరూ చెప్పరు. ఇంకొందరు రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించి ‘పాజిటివ్’ అంటారు. అది ఎప్పుడో సోకి పోయిన ఇన్ఫెక్షన్‌కి కూడా పాజిటివే వస్తుంది. బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా, నల్ల విరేచనం అవుతున్నా, రక్తం తగ్గినా, పెద్ద వయసులో కొత్తగా అజీర్తి మొదలైనా ముందు ఎండోస్కోపీ చేయించాలి. ఇందులో మనకి తగాదా లేదు.

నా తగాదా మిగిలినవాళ్ల గురించి. ముప్పై అయిదేళ్ల మనిషి, ప్రమాద సూచనలేవీ లేవు, పాజిటివ్. మనం క్రిమి పేరు చెప్పగానే అతని మనసు దానిమీదే ఉండిపోతుంది. భార్యకి, పిల్లలకి, తల్లికి పరీక్ష. మందు వేశాకా ఉబ్బరం పోకపోతే ‘ఇంకా లోపలే ఉంది’ అన్న భయం. మరో దారి ఉన్న సంగతి మరుగున పడుతుంది. 2015లో వచ్చిన అమెరికా అధ్యయనంలో డిప్రెషన్‌కి వాడే అమిట్రిప్టిలిన్ అనే మందుని చిన్న మోతాదులో ఇస్తే నూటికి 53 మందికి, డమ్మీతో 40 మందికి ఉపశమనం. దాంతోపాటు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం, కొవ్వు తగ్గించడం, నిద్ర. మెదడుకీ పేగుకీ మధ్య నడిచే సంకేతాల్లో తేడా అని అర్థమయ్యేలా చెబితే సగం భయం పోతుంది.

గ్యాస్ట్రో నిపుణురాలు: అదే మాట ఎలా వినబడుతుందో కూడా చూడండి. ‘మీకేం లేదండీ, టెన్షన్ తగ్గించుకోండి’ అని విని ఇంటికెళ్లిన మనుషులు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎంతమంది! ఇంట్లో ఆ మాట వాళ్ల మీదికే తిరుగుతుంది. అన్నం సగంలో వదిలేస్తే నటన అంటారు. వాళ్ల బయాప్సీ చూస్తే లోపొర నిండా వాపు కణాలు. పైలోరీ ఉన్న ప్రతి జీర్ణాశయంలోనూ వాపు ఉంటుంది. అక్కడ కంటికి కనబడే రుజువుతో ఇన్ఫెక్షన్ ఉండగా ‘ఏమీ లేదు’ అనడం అబద్ధం. ఉంది, ఇదే కారణమో కాదో తెలియదు, తీసేసి చూద్దాం అంటే అది నిజం, మర్యాద కూడా.

ఫ్యామిలీ డాక్టరు: ‘ఏమీ లేదు’ అనే డాక్టరుని నేను వెనకేసుకురాను. కానీ ఆ వాపుకీ బాధకీ పొంతన లేదు. వాపు ఎక్కువున్నవాళ్లకి బాధ ఎక్కువ, తక్కువున్నవాళ్లకి తక్కువ అని తేలి ఉంటే మీ పక్షానికి వచ్చేసేవాణ్ని. అలా తేలలేదు. అయినా, తండ్రికో అన్నకో కడుపు కేన్సర్ వచ్చిన మనిషికి వైద్యం చేస్తాను. లాభనష్టాలన్నీ విని ‘నాకు కావాలి’ అన్న మనిషికీ కాదనను. పాజిటివ్ రాగానే యాంత్రికంగా చీటీ రాయడమే నాకు ఇష్టం లేదు. ఒకటి అడుగుతాను. మొదటి కోర్సు విఫలమైంది, క్రిమి అలాగే ఉంది. మళ్లీ ఇస్తారా?

గ్యాస్ట్రో నిపుణురాలు: ఇస్తాను. మొదటిసారి వాడని మందులతో.

ఫ్యామిలీ డాక్టరు: అదీ విఫలమైతే?

గ్యాస్ట్రో నిపుణురాలు: అజీర్తి ఒక్కటే కారణమైతే, ఏ మందుకి లొంగుతుందో పరీక్షించకుండా మూడోసారి ఇవ్వను. ఆ పరీక్ష అన్నిచోట్లా దొరకదు కూడా.

ఫ్యామిలీ డాక్టరు: అయితే ఆ మనిషి క్యోటో లెక్కలో ఎక్కడ నిలబడతాడు? క్రిమి పోలేదు కాబట్టి దానివల్లే బాధ అనీ అనలేం, కాదనీ అనలేం. నాలుగు వారాల యాంటీబయాటిక్స్ తర్వాత అతను మొదటి రోజున్న చోటే ఉన్నాడు.

గ్యాస్ట్రో నిపుణురాలు: ఉన్నాడు. అతనికి మీ అమిట్రిప్టిలినే మొదలుపెడతాను. మొదటి కోర్సు ఇవ్వడం తప్పని మాత్రం ఒప్పుకోను. దానితో బాగుపడి మళ్లీ మన గుమ్మం తొక్కని మనిషి కూడా అదే వరుసలో కూర్చుని ఉన్నాడు.

ఫ్యామిలీ డాక్టరు: అమిట్రిప్టిలిన్ మొదటే ఇచ్చి ఉంటే ఆ నాలుగు వారాలూ మిగిలేవని నేనంటాను. అదే వరుసలో మందు లేకుండానే బాగుపడే మనిషి కూడా కూర్చుని ఉన్నాడు డాక్టరమ్మా, అతన్నీ మనం గుర్తుపట్టలేం.